నానమ్మ ఒడి, నాన్న మాట

మూడో నెలలో కోడలు పసిబిడ్డతో మెట్టినింట అడుగుపెడుతుంది. ఆనందం వెంటే చిక్కూ వస్తుంది. కాస్త తేనె నాకించమంటారు అత్తగారు. ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టాలని, ఏడాది నిండేదాకా తేనె ప్రమాదమని డాక్టరు చెప్పారంటుంది కోడలు. ‘నా కొడుకును ఇలాగే పెంచలేదా?’ అన్న మాటకు ఆమె కళ్లలో నీళ్లు. భర్త మాత్రం పేపరు చాటున మౌనం. మన విశ్వాస గృహాల్లోనూ ఇది కొత్తేం కాదు.

రూతు గ్రంథం చివర చూడండి. ఓబేదు పుట్టగానే నయోమి ఆ బిడ్డను ఒడిలోకి తీసుకుని పెంచింది. నయోమికే కొడుకు పుట్టాడని ఇరుగుపొరుగు స్త్రీలు మురిసిపోయారు. రూతు నొచ్చుకున్నట్టు ఎక్కడా లేదు. నానమ్మ ఒడి బిడ్డకు దేవుడిచ్చిన ఈవి.

అయితే పెళ్లయిన కొడుకు తల్లిదండ్రులను విడిచి భార్యతో ఏకం కావాలని ఆదికాండం 2వ అధ్యాయం నేర్పుతోంది. విడవడమంటే వదిలేయడం కాదు, తన ఇంటి నిర్ణయాల బరువు తాను మోయడం. కాబట్టి అత్తగారికి వద్దని చెప్పాల్సింది కోడలు కాదు, కొడుకే. ‘అమ్మా, స్నానం, లాలిపాట నీవే. తేనె మాత్రం వద్దు’ అని మెత్తగానే అయినా స్పష్టంగా చెప్పాలి. తల్లిని సన్మానించడమంటే ప్రతి మాటకూ తలూపడం కాదు.

పెద్దలకు యిత్రో ఆదర్శం. అల్లుడు మోషేకు మంచి సలహా చెప్పాడు, దేవుడు సెలవిస్తేనే చేయమన్నాడు, తర్వాత తన దేశానికి వెళ్లిపోయాడు. పట్టు పట్టని పెద్దల మాటకే ఇంట్లో విలువ. ఈ వారం కుటుంబ ప్రార్థనకు కూర్చునే ముందు ఈ సంగతి ప్రేమతో మాట్లాడుకుందాం.