మన ఊరి గాలివానకి లెక్కేది?

ప్రకృతి వైపరీత్యం అనగానే మనందరికీ దివిసీమ గుర్తొస్తుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఆ ఉప్పెనలో సుమారు పదివేల మంది చనిపోయారు. సముద్రం లేచొచ్చి ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టిన రోజు అది. మరిచిపోదామన్నా మరవలేం. కానీ నల్లజర్ల పేరు మాత్రం ఏ వైపరీత్యాల పాఠంలోనూ కనబడదు. మనది మెట్ట. ఉప్పెన ఇక్కడిదాకా రాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి ఎక్కినప్పుడు కూడా మన వీధుల్లోకి నీళ్ళు రాలేదు. హాస్టల్లో నా పక్క మంచం కుర్రాడిది డెల్టాలో కాలువగట్టు ఊరు. "మీ మెట్టోళ్ళకేంట్రా భయం?" అనేవాడు. నేనూ నిజమే అనుకునేవాణ్ణి.

ఆ మాట తప్పని చెప్పింది మా మామ్మ. ఆమెకి సంవత్సరాలు తెలియవు. "పెద్ద గాలివాన రోజు మీ నాన్న నెల పిల్లోడ్రా. పాక మీద తాటాకులన్నీ లేచిపోతే మంచం కింద పడుకోబెట్టి గోనెపట్టా కప్పాను. తెల్లారి చూస్తే మన పేటలో నాలుగు పాకలే నిలబడ్డాయి" అంటుంది. ఆ తర్వాత నాలుగు రోజులకి దివిసీమ సంగతి ఊరంతా చెప్పుకున్నారట. పెద్దిళ్ళవాళ్ళు పాతబట్టలు పోగేసి పంపారట. అంటే అది 1977 నవంబరు. అంటే మా నాన్న పుట్టింది 1977 అక్టోబరులో. సర్టిఫికెట్లో మాత్రం 1979 జూలై ఒకటి అని ఉంది. ఆయన అసలు వయసు తుఫాను లెక్కనిబట్టి తేలింది గానీ కాగితాన్నిబట్టి కాదు.

నేలకూలిన ఆ పాకల లెక్క ఎక్కడైనా రాశారా అన్నది నా ప్రశ్న. రాయడం వల్ల ఏమొస్తుంది అంటారా? 1977 గురించి రాశారు, లెక్కలు తీశారు, తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుఫాను కూడా భయంకరమైనదే. కానీ ముందే హెచ్చరించి లక్షన్నర మందిని తరలించారు. చావులు వెయ్యిలోపే ఆగాయి. అవి తక్కువని నేననను, కానీ పదివేలు కాలేదు కదా! లెక్క రాసినచోట జాగ్రత్త వచ్చింది. మనదగ్గర లెక్కే లేదు.

మన వైపరీత్యం ఒక్కదెబ్బకి వెయ్యిమందిని చంపేది కాదు. అది ఏడాదికోసారి వచ్చి ఇంటికింత తీసుకుపోతుంది. ఎర్రకాలువనే చూడండి. వేసవిలో పిల్లలు దాటేసేటంత నీళ్ళుంటాయి. పైన ఏజెన్సీ కొండల్లో వాన పడితే కొంగువారిగూడెం రిజర్వాయరు నిండుతుంది, గేట్లెత్తుతారు, ఎర్రమట్టి కలిసిన నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడతాయి. మెట్టలో వాలు ఉంటుంది కాబట్టి వేగంగా దిగుతాయి. నందమూరు అక్విడక్టు దాటి డెల్టాలోకి వెళ్ళాక వాలు లేదు, దారిలో గుర్రపుడెక్క, పూడిక. ఇక నీళ్ళు ఎక్కడికి పోతాయి? వెనక్కి తన్ని చేలల్లో నిలబడతాయి. 2024 జూలైలో నల్లజర్ల, తాడేపల్లిగూడెం, నిడదవోలు మండలాల్లో నాటిన వరి మునిగింది ఇలాగే. పత్రికల్లో ఎకరాల లెక్క వచ్చింది.

ఎకరాలు ఉన్నవాళ్ళ లెక్క అది. పంట 33 శాతం పైగా పోతే పెట్టుబడి రాయితీ ఇస్తారు. కౌలుకి చేసేవాడికి కార్డు లేకపోతే ఆ జాబితాలో పేరెక్కడం కష్టం. నాట్లకి వెళ్ళే మా అమ్మలాంటివాళ్ళకి అందులో గడే లేదు. నాటిన చేను మునిగితే రైతుకి నారు పోయినట్టే, ఆమెకి కలుపుతీత పోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి వరి పడిపోయినప్పుడు బురదలో దిగగలిగే చైన్ మిషన్ల అద్దె ఎంత పెరిగిందో అందరూ మాట్లాడారు. కోతకని డెల్టాకి వెళ్ళి ముఠాగా ఆరు రోజులు చావడిలో కూర్చుని, చేతిలో ఉన్నది కూడా తినేసి తిరిగొచ్చినవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడూ అంతే.

ఎండ సంగతి ఇంకా అన్యాయం. 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో వడదెబ్బకి మూడు వేలమందికి పైగా చనిపోయారు. ఆ సంఖ్య 1996 కోనసీమ తుఫానులో పోయినవాళ్ళ కన్నా ఎక్కువ. అయినా తుఫానుకి పేరుంటుంది, ఎండకి ఉండదు. వడదెబ్బ చావు అని తహసీల్దారు, డాక్టరు, ఎస్సై ధ్రువీకరించాలి. మా పేటలో ఒక పెద్దాయన మే నెలలో మట్టిపనికి వెళ్ళొచ్చి, మంచినీళ్ళడిగి, అరుగు మీదే పోయాడు. సాయంత్రానికి దహనం అయిపోయింది. పోస్టుమార్టం ఎవరడుగుతారు? "వయసైపోయింది" అన్నారు. యాభై రెండేళ్ళు. పిడుగులూ అంతే. 2018 ఏప్రిల్లో ఒకే రోజు 13 గంటల్లో మన రాష్ట్రంలో 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. ఆ వేళ తాటిచెట్టు కింద మేకలతో నిలబడేది మన పిల్లలే.

ఎవరో వచ్చి మన చరిత్ర రాస్తారని నాకు నమ్మకం లేదు. మనకి మనమే రాసుకోవచ్చు, పెద్ద ఖర్చు కూడా లేదు. హాస్టల్లో ఒక దస్తా కాగితాల రిజిస్టరు పెడదాం. సెలవులకి ఇంటికెళ్ళిన ప్రతి విద్యార్థీ ఇంట్లో పెద్దవాళ్ళనడిగి ఒక్క పేజీ రాసుకురావాలి: ఏ గాలివాన, ఎవరి పాక, ఎన్ని రోజులు పని లేదు, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి. నిటారుగా ఉన్న డబ్బా ఒకటి మేడ మీద పెట్టి రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి స్కేలుతో కొలిస్తే సెంటీమీటరుకి పది మిల్లీమీటర్ల వాన. మండలం లెక్కతో పోల్చి చూడవచ్చు. కల్వర్టు గోడ మీద వరద మట్టానికి ఎర్ర రంగు గీత, పక్కన తేదీ. సైన్సు ఫెయిర్లకి చేసే అట్టముక్కల అగ్నిపర్వతం కన్నా ఇది పనికొస్తుందని నా అభిప్రాయం. (నేనూ ఆ అగ్నిపర్వతం చేసినవాణ్ణే, మూడో బహుమతి వచ్చింది.)

సంవత్సరాలు తెలియవని వదిలెయ్యకండి. మా మామ్మ చెప్పిన ఇంకో గాలివాన 1990దా, 1996దా అని రెండు రోజులు తేలలేదు. "మామిడికాయలు రాలాయా మామ్మా?" అని అడిగాను. "రాలకేం, బుట్టలకొద్దీ ఏరి పచ్చడి పెట్టాం" అంది. 1996 తుఫాను నవంబరులో వచ్చింది. కాబట్టి అది 1990 మేనే. మొదటి రెండు పేజీలు ఇలా రాసి హాస్టల్ లైబ్రరీలో ఇచ్చాను. 1996 నవంబరు 6 గురించి మాత్రం ఆమెకి గుర్తున్నది ఒక్క దూడ చచ్చిపోవడమే. ఆ రాత్రి నల్లజర్ల చుట్టుపక్కల ఏం జరిగిందో చెప్పగలిగినవాళ్ళు మీ ఇళ్ళల్లో ఉంటారు, సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడిగి రండి.