సీసమును కొలువరేల?

విషమనగా వెంటనే ప్రాణము తీయునదే యని మనవారి తలంపు. కలరా సోకినచో నూరెల్ల మేల్కొనును. బిడ్డ మెదడును ఏండ్లతరబడి మెల్లమెల్లగా నఱగదీయు విషమును గూర్చి మాత్ర మెవరును పెదవి కదపరు. సీసమట్టి విషము. మన రసశాస్త్రకారులు దానికి నాగమని పేరిడిరి. మనము పేరు మాత్రము వల్లించి పామును పాన్పుక్రింద నుంచుకొన్నాము.

సీసము శరీరమున కాల్షియము వేషము ధరించి యెముకలలో కాపురముండును. గర్భిణి యెముకలనుండి కదలి కడుపులోని శిశువును జేరును. మ్రింగిన సీసములో పెద్దలకంటె పిల్లలు 4, 5 రెట్లు అధికముగా నొంటబట్టించుకొందురు. ఇంతవఱకు హాని లేదని చెప్పదగిన మోతాదే లేదని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు ప్రకటించిన లెక్క ప్రకారము, లోకమున ప్రతి ముగ్గురు పిల్లలలో నొకరి రక్తమున డెసిలీటరునకు 5 మైక్రోగ్రాములో, అంతకు మించియో సీసము కలదు. పాఠ మంటని బాలుని మొద్దని బెత్తమెత్తు నుపాధ్యాయులారా! ఆ మొద్దుతనమున వాని పాలెంతయో, సీసపు పాలెంతయో యే పరీక్షచే నిర్ణయించితిరి?

అమెరికాలోని ఫ్లింట్ నగరమున 2014లో త్రాగునీటి మూలమును మార్చగా గొట్టముల సీసము నీట గలిసెను. అధికారులు భయము లేదనిరి. 2015లో మోనా హన్నా-అటీషా యను శిశువైద్యురాలు, నీరు మార్చక మునుపటి పిల్లల రక్తపరీక్షల లెక్కలను, మార్చిన పిమ్మటి లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూపగా సత్యము బయలుపడెను. పాత లెక్కలుండుటచేతనే గదా యది సాధ్యమయ్యెను! 2020 డిసెంబరులో మన యేలూరున 600 మంది వఱకు మూర్ఛలు మొదలగు లక్షణములతో నాసుపత్రి పాలైరి. ఢిల్లీ ఎయిమ్స్ వారు కొందఱి రక్తమున సీసము, నికెలు కనుగొనిరి. పిమ్మట నిపుణులు పురుగుమందులవైపు వేలు చూపిరి. ఆ సీసము నిన్న జేరినదా, యేండ్లనుండి యున్నదా? ఆరోగ్యముగా నున్ననాడు కొలిచిన లెక్క లేనిచో నీ ప్రశ్నకు బదులెక్కడిది?

మన ప్రాంతమునకు వత్తము. జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్ సీమలు పసుపునకు పుట్టినిండ్లు. కొమ్ము మెఱసినచో మేలిరకమని మన మెంచుదుము. ఆ మోజును గనిపెట్టి కొన్ని దేశములలో వర్తకులు పసుపునకు లెడ్ క్రోమేటు పూసిరి. బంగ్లాదేశ్‌లో 2019లో బజారు పసుపు నమూనాలలో నూటికి 47 ఇట్టి కల్తీవి. ప్రభుత్వము మిల్లులను, సంతలను పరీక్షించి, దోషులను దండించి, ప్రజలకు తెలియజెప్పగా 2021 నాటికి అది సున్న యయ్యెను. 2024లో వెలువడిన పరిశోధన మన పాట్నా పసుపులోను మిక్కుటమైన సీసమును జూపినది.

ఇట్టి మాటలు రైతునకు చెఱుపని కొందఱాక్షేపింతురు. రైతుపై నింద మోపుట నా యుద్దేశము గాదు. పసుపు నుడికించి, ఎండబెట్టి, నిజాయితీగా నమ్ముకొను రైతునకు పరీక్షకంటె వేఱు సాక్షి యెవడు? పరీక్ష లేని సంతలో కల్తీసరుకే మెఱసి ధర దెచ్చుకొనును.

చట్టములు చాలవా యని మఱికొందఱందురు. 2000 సంవత్సరమున దేశమంతట సీసపు పెట్రోలు మానిపించిరి, మేలే జరిగెను. ఇండ్ల రంగులలో పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2017 నవంబరునుండి నిబంధన కలదు. కాని డబ్బాలోని రంగును గాని, దుకాణములోని పసుపును గాని కొలుచువాడు లేనినాడు నిబంధన కాగితముననే యుండును.

కావున కరీంనగరు, ఆదిలాబాదు సీమల మార్కెట్లలో పసుపును పరీక్షించి ఫలితములను గోడపై నంటింపుడని యడుగుదము. బడిపిల్లల యెత్తు, బరువు చూచునపుడే యొక రక్తపుబొట్టు దీసి సీసమును గూడ కొలిచి తల్లిదండ్రులకు జెప్పుడని యడుగుదము. గృహిణులారా! మెఱుగును జూచి పసుపు కొనుట నేడే మానుడు. మొదటి పరీక్ష మన వంటింటనే జరుగవలెను.