క్రైస్తవ గృహమున వరకట్నము

దేవాలయములో వివాహము జరుగునపుడు, పౌలు అపొస్తలుడు ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలోని 5వ అధ్యాయమును బోధకులు తరచుగా చదువుదురు. క్రీస్తు సంఘము నిమిత్తము ప్రాణము నిచ్చెను గనుక భర్త ప్రేమయు అట్టి త్యాగముతో కూడినదై యుండవలెనని అందలి బోధయొక్క సారాంశము. వచ్చినవారందరు శ్రద్ధతో విందురు. అయితే ఆ పెండ్లికుమారుడు ఇచ్చువాడుగా గాక పుచ్చుకొనువాడుగా అచ్చట నిలిచియున్నాడని ఉభయపక్షములవారికిని పెక్కుసారులు తెలిసియే యుండును. ప్రధానమునకు పూర్వమే రొక్కమెంత, బంగారమెంత, స్థలమెంత అని లెక్క తేలియుండును. చదివిన వాక్యమునకును చేసిన బేరమునకును గల ఈ వైరుధ్యమును గూర్చియే చదువరులతో కొంత ముచ్చటింప దలచితిని.

పరిశుద్ధ గ్రంథములోని వివాహములను పరికింపుడు. ఆదికాండము 24వ అధ్యాయములో అబ్రాహాము సేవకుడు రిబ్కాకు బంగారు నగలను, వస్త్రములను ఇచ్చెనే గాని ఆమె పుట్టింటివారిని ఏమియు అడుగలేదు. పైగా ప్రయాణమునకు ఆమె సమ్మతిని ఆమెనే అడిగిరి. యాకోబు రాహేలు కొరకు ఏడేండ్లు కొలువు చేసి, మోసపోయి, మరల ఏడేండ్లు కొలువు చేసెను. బోయజు పెండ్లాడిన రూతు చేతిలో పరిగె ఏరుకొనిన ధాన్యము తప్ప వేరొక ఆస్తి యుండలేదు. కన్యకు వెల కట్టుటయు మంచిది కాదని లాబాను కుమార్తెలే సాక్ష్యమిచ్చిరి: తండ్రి తమ్మును అమ్మి ఆ సొమ్మును తినివేసెనని రాహేలును లేయాయు మొరపెట్టిరి. కావున వధువుకు వెల కట్టినను, వరునికి వెల కట్టినను, మనుష్యుని సరకుగా నెంచుట యొక్కటియే దోషము.

“కట్నమనగా కుమార్తెకు ఇచ్చు భాగమే గదా” యని కొందరు వాదింతురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. కాలేబు తన కుమార్తెయగు అక్సాకు భూమిని, నీటి మడుగులను ఇచ్చెను. సెలోపెహాదు కుమార్తెలు తండ్రి స్వాస్థ్యములో పాలు కోరగా, వారు పలికినది న్యాయమేయని దేవుడు మోషేతో సెలవిచ్చెను. మన దేశమునందును 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టమునుబట్టి, వీలునామా వ్రాయక మరణించిన క్రైస్తవుని ఆస్తిలో కుమారునికిని కుమార్తెకును సమభాగములు కలవు. ఆ భాగమును నిజముగా నిచ్చువారు కుమార్తె పేరనే వ్రాయింతురు. ఆమె పెండ్లి యాడినను ఆడకున్నను అది ఆమెదే. వియ్యంకుని చేతిలో లెక్కించి పోయబడి, మరునాడే అతని అప్పులకో, అతని కుమార్తె కట్నమునకో పోవు సొమ్ము కుమార్తె భాగ మెట్లగును?

ఇది మన పూర్వాచారమని చెప్పుటకును వీలులేదు. ఒకప్పుడు తెలుగుదేశమునందలి పెక్కు కులములలో వరునివారే వధువువారికి ఓలి యిచ్చుచుండిరి. చదువులును జీతపు ఉద్యోగములును ప్రబలిన కొలది ఆ వాడుక తలక్రిందయ్యెను. ఇచ్చట మనము ప్రత్యేకముగా సిగ్గుపడవలసిన సంగతి యొకటి కలదు. అక్షరము ముట్టరాదని వెలివేయబడిన వారి పిల్లలకు మిషను పాఠశాలలు జీతము లేకయో, స్వల్ప జీతముతోనో విద్య నేర్పినవి. వసతిగృహములలో అన్నము పెట్టినవి. అట్లు కృపగా దొరకిన చదువును చూపి ఆ బిడ్డల సంతతివారు నేడు వెల యడుగుచున్నారు. పట్టమునకు ఒక ధర, ప్రభుత్వోద్యోగమునకు ఒక ధర. ఆ ధర చెల్లించుటకై వేరొక విశ్వాసి తన యెకరము పొలము నమ్ముకొనును, లేదా చిన్న కుమార్తె చదువు మాన్పించును. దానమును సరకుగా మార్చుట యనిన ఇంతకంటె వేరేమి?

కట్నము పుచ్చుకొనుటయే గాక ఇచ్చుటయు 1961వ సంవత్సరపు వరకట్న నిషేధ చట్టము ప్రకారము నేరము. 1986లో జరిగిన సవరణము శిక్షను మరింత కఠినము చేసెను. అయినను చట్టము ప్రవేశింపలేని యింటిలోనికి సంఘము ప్రవేశింపగలదు. పెండ్లి ప్రకటనలు దేవాలయములో చదువబడునపుడు అడ్డంకు లేమైన నున్నచో తెలుపుడని కాపరి సభను అడుగుచున్నాడు గదా. ఆ ప్రకటనలకు పూర్వమే ఉభయ కుటుంబములను పిలిచి, ఇచ్చిపుచ్చుకొనుట లేదని వారిచే చెప్పించుకొనుట సాధ్యము కాని పని కాదు. అయితే మొదట సంఘపెద్దలు తమ కుమారుల వివాహములలో ఈ నియమమును పాటింపవలెను. అధ్యక్షుడు ధనాపేక్ష లేనివాడును, తన యింటిని చక్కగా నేలువాడునై యుండవలెనని తిమోతికి వ్రాయబడిన బోధ వారికే ముందుగా వర్తించును. తన యింట పుచ్చుకొనిన పెద్ద పరుని యింట వలదని చెప్పిన వినువారెవరు?

ఈ పాఠశాలలోని బాలురారా, మీ వివాహములు ఇంకను దూరముగా నున్నవి. కనుకనే ఈ మాట ఇప్పుడు చెప్పుట యుక్తము. బేరము కుదిరిన పిమ్మట తండ్రి నెదిరించుట కష్టము. ఇప్పుడే మీ తలిదండ్రులకు వినయముతో మీ యుద్దేశమును తెలుపుట సులభము. బాలికలారా, మీ చదువు కట్నమును తగ్గించు సాధనమని ఎవరైన చెప్పిన నమ్మకుడు. అది దేవుడు మీకు ఒప్పగించిన తలాంతు. తలిదండ్రులారా, కుమార్తెకు మీరు ఈయదలచినది ఆమె పేరనే ఇయ్యుడు. కుమారునికై అడుగదలచినది అడుగకుడు. ఇట్లు నాలుగు కుటుంబములు నడచుకొనినచో, పెండ్లినాడు చదువబడు వాక్యమును తలయెత్తి వినగల సభ యొకటి మన యూరనే యేర్పడును.