ఆగిన గడువు మళ్లీ నడుస్తోంది

కరోనా తొలి రోజులలో కోర్టు తలుపులు మూతపడినప్పుడు, కక్షిదారుల హక్కులు కూడా మూతపడకుండా సుప్రీంకోర్టు ఒక మంచి పని చేసింది. 2020 మార్చి 23న తనంతట తానుగా కేసు చేపట్టి, దావాలు, అప్పీళ్లు, దరఖాస్తులు దాఖలు చేసే గడువును ఆ నెల 15 నుంచి పొడిగించింది. 2021 మార్చిలో ఆ వెసులుబాటును ముగించినా, రెండో విడత విజృంభణతో ఏప్రిల్ 27న పునరుద్ధరించింది. 2022 జనవరి 10న చివరి మాట చెప్పింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని లెక్కించరాదు. ఆ మధ్య గడువు తీరినవారికి 2022 మార్చి 1 నుంచి 90 రోజులు లభించాయి. అంతకంటె ఎక్కువ కాలం మిగిలి ఉన్నవారికి ఆ ఎక్కువ కాలమే వర్తిస్తుంది.

ఆ 90 రోజులు 2022లోనే గడిచిపోయాయి. ఆ ఏడాది మే నెలాఖరుకు తలుపు మూసుకుంది. రక్షణ పరిశోధనశాలల ప్రహరీల పక్కనే బతుకుతున్న కంచన్‌బాగ్ బస్తీలలో ఈ సంగతి ఎందరికి తెలుసు? కింది కోర్టులో ఓడిన ఇంటి దావా, చాలని ప్రమాద పరిహారంపై అప్పీలు, చెల్లని చెక్కుపై కేసు, వక్ఫ్ ట్రిబ్యునల్‌కు చేరవలసిన దరఖాస్తు, ఇలాంటి కాగితాలు ఎన్ని పెట్టెల అడుగున ఉండిపోయాయో! తెలియని వెసులుబాటు లేనిదానితో సమానం.

ఇందులో మరో ముఖ్యమైన అంశం ఉంది. ఈ పొడిగింపు పోలీసులకు వర్తించలేదు. అరెస్టు చేసిన మనిషిపై, నేరాన్నిబట్టి 60 లేదా 90 రోజులలో చార్జిషీటు వేయకపోతే అతనికి బెయిలు హక్కుగా లభిస్తుంది. లాక్‌డౌన్ పేరుతో ఆ హక్కును నిరాకరించిన మద్రాసు హైకోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 జూన్ 19న ఎస్. కాశి కేసులో కొట్టివేసింది. కక్షిదారుని కాపాడటానికి ఇచ్చిన ఉత్తర్వు నిందితుని స్వేచ్ఛను హరించేందుకు సాధనం కారాదన్నదే దాని సారాంశం. అయితే ఈ బెయిలు అడగనిదే రాదు, చార్జిషీటు దాఖలు కాకముందే అడగాలి. ఉపా వంటి చట్టాల కింద కోర్టు అనుమతితో ఆ గడువు 180 రోజుల దాకా పెరగవచ్చునని కూడా గుర్తుంచుకోవాలి. విచారణ ఖైదీలలో ముస్లిముల వాటా జనాభాలోని వాటాను మించి ఉన్నదని ప్రభుత్వ గణాంకాలే చెబుతున్నప్పుడు, ఈ రోజుల లెక్క ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి.

న్యాయవ్యవస్థకు మా విజ్ఞప్తి ఇది. వీడియో విచారణలకు ఫోను, నెట్ సౌకర్యం లేనివారికి కోర్టులే ఏర్పాట్లు చేయాలని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 6ననే ఆదేశించింది. ఆ ఏర్పాట్లు విపత్తుతోపాటు ముగిసిపోరాదు. గడువు ఉత్తర్వులు వకీళ్ల కంప్యూటర్లలోనే ఉండిపోకుండా తెలుగులోను, రెండో అధికార భాష అయిన ఉర్దూలోను బస్తీలకు చేరాలి.

పాఠకులకు, కార్యకర్తలకు మేము చెప్పేది ఒక్కటే. పాత తీర్పుల నకళ్లు బయటకు తీసి, వాటిమీది తేదీలు చూడండి. జైలులో ఉన్నవారి రిమాండు తేదీ రాసిపెట్టుకోండి. వకీలు ఫీజుకు స్తోమత లేకపోతే పురానీ హవేలీలోని న్యాయసేవా సదన్‌కు వెళ్లండి. స్త్రీలు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయానికి అర్హులు.