చేయి కదిలితే చాలునా?

2006లో నింటెండో సంస్థ 'వీ' అనే గృహక్రీడాయంత్రాన్ని విడుదల చేసింది. చేతిలోని రిమోట్‌ను ఊపితే తెరపైని బొమ్మ బంతిని కొడుతుంది, ముష్టిఘాతం చేస్తుంది. 2010లో మైక్రోసాఫ్ట్ 'కైనెక్ట్' చేతిలో ఏ ఉపకరణమూ లేకుండానే దేహచలనాన్ని గ్రహించింది. ఆబాలగోపాలం ఆనందించింది. చిరకాలంగా ఆటలాడేవారిలో అనేకులు మాత్రం పెదవి విరిచారు. లేచి చేయంతా విసరనక్కరలేదు, కూర్చుని మణికట్టు విదిలించినా చాలునని కనిపెట్టారు. అలా విదిలించినవారికి అంకెలు దక్కాయి. మనసారా ఆడినవారికి ఆనందం దక్కింది.

ఇందులో యంత్రదోషం లేదు. దానికి చలనం గోచరం, సంకల్పం అగోచరం.

మన బోధన్‌ను భారతంలోని ఏకచక్రపురంగా స్థానికులు విశ్వసిస్తారు. అక్కడ భీముడు బకాసురుని వధించినది బాహుబలంతోనే. కాని ఆ బాహువును కదిపినవి తల్లి ఆజ్ఞ, ఆశ్రయమిచ్చిన విప్రకుటుంబంపై కృతజ్ఞత. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయినదీ మణికట్టు విదిలింపుతో కాదు.

ఆటగాళ్లను ఆక్షేపించే ముందు మన పూజామందిరంలోకి చూచుకుందాం. హారతి పట్టిన చేయి తిరుగుతూనే ఉంటుంది. చిత్తం చెరకు తోట లెక్కల్లో ఉంటుంది. కర్మేంద్రియాలను బిగబట్టి మనసులో విషయాలను స్మరించేవాడిని గీత తృతీయాధ్యాయం మిథ్యాచారి అన్నది. ఇంద్రియాన్ని కదిలించి మనసును నిద్రపుచ్చేవాడు అతనికి సోదరుడే కదా!

రిమోట్‌ను మోసగించవచ్చు, అంతర్యామిని మోసగించలేము. నేటి సాయంసంధ్యలో ఒక్క హారతినైనా మనసు తోడుగా ఇద్దాం.