లక్కపిడతల చదువు

“మా పాపకు నాలుగో ఏడు. అంగన్‌వాడీలో పొద్దస్తమానం ఆటలేనట. ఒక్క అక్షరమూ రాలేదు. మాన్పించి ఇంగ్లీషు బడిలో వేయమంటారా?” అని ఒక సోదరి వ్రాశారు.

తొందరపడకండి! లక్కపిడతల్లో ఇసుక అన్నం వండి, “తాతయ్యకు రెండు ముద్దలు, నాకొకటి” అని వడ్డించే పిల్ల లెక్కలకు ఓనమాలు దిద్దుతున్నట్టే. పిండిముద్ద నలిపి పాములు చేసిన వేళ్ళకే రేపు బలపం పట్టే సత్తువ వస్తుంది. 1907లో మాంటిస్సోరీ రోమ్‌లోని పేదవాడలో బడి తెరిచి, ముందు పిల్లల చేతులకే పని చెప్పారు. 1939లో మద్రాసు వచ్చి అడయారులో మన ఉపాధ్యాయులకూ ఆ పద్ధతి నేర్పారు. 2020 జాతీయ విద్యావిధానం సైతం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటపాటల ద్వారా నేర్పమంటోంది.

అయితే, పిల్లల్ని ఓ మూల వదిలేసి పెద్దలు కబుర్లాడుకుంటే అది చదువూ కాదు, ఆటా కాదు! ఒక పూట వెళ్ళి చూడండి. టీచరమ్మ పక్కన కూర్చుని, “ఏం కూర వండావు? ఎవరికి?” అని పాపచేత మాట్లాడిస్తూ ఉంటే నిశ్చింతగా పంపండి. లేకుంటే, ఇంగ్లీషు బడి మాట తరువాత, ముందు ఆవిడనే అడగండి. అన్నట్టు, మూడేళ్ళు నిండని పసివాళ్ళకు చింతగింజలు, పూసలు అందనీయకండి, గొంతులో అడ్డుపడతాయి.