యుద్ధం రాకముందే ఖాళీ చేసిన గుహలు

2022 మార్చి 31న అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ ఓ అసాధారణ ప్రకటన చేశారు. రోజుకు 10 లక్షల బ్యారెళ్ల చొప్పున ఆరు నెలల పాటు అత్యవసర నిల్వల నుంచి ముడిచమురు తీసి మార్కెట్‌లోకి వదులుతామన్నారు. మొత్తం 18 కోట్ల బ్యారెళ్లు. ఆ నిల్వల చరిత్రలో అంత చమురును ఒక్క విడతలో ఎన్నడూ తీయలేదు. ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలై అప్పటికి అయిదు వారాలు. బ్యారెల్ ధర ఒక దశలో 130 డాలర్లు దాటింది. జూన్ వచ్చేసరికి అమెరికాలో గ్యాలన్ పెట్రోలు సగటు ధర 5 డాలర్లకు చేరింది.

ఆ నిర్ణయాన్ని చాలామంది తప్పుపట్టారు. ఎన్నికల ముందు ధరలు తగ్గించుకునే ఎత్తుగడ అన్నారు. కానీ అమెరికా, దాని మిత్రదేశాలు కలిసి చమురు వదలడం వల్ల గ్యాలన్‌కు 17 నుంచి 42 సెంట్ల దాకా భారం తగ్గిందని అక్కడి ఆర్థికశాఖ లెక్కగట్టింది. యుద్ధంలో వాడుకోవడానికే దాచిన సరకును యుద్ధంలో వాడితే తప్పేముంది? అసలు తప్పు అంతకు చాలా ముందే, తుపాకీ మోత ఎక్కడా వినపడని రోజుల్లో జరిగింది.

ఈ నిల్వల పుట్టుక 1973 నాటి దెబ్బ నుంచి. అరబ్ దేశాలు చమురు ఆపేయడంతో నెలల వ్యవధిలో ధర నాలుగింతలైంది. అమెరికాలో బంకుల ముందు కార్లు బారులు తీరాయి. 1975 డిసెంబరులో అధ్యక్షుడు ఫోర్డ్ ఈ నిల్వల చట్టంపై సంతకం చేశారు. 1977లో తొలి చమురు భూగర్భంలోకి చేరింది. టెక్సస్, లూసియానా తీరాల్లో నాలుగు చోట్ల నేలలోపల ఉన్న ఉప్పు దిబ్బలను నీటితో కరిగించి గుహలు తొలిచారు. ఒక్కో గుహ దాదాపు 200 అడుగుల వెడల్పు, రెండువేల అడుగులకు పైగా ఎత్తు. కోటి బ్యారెళ్లు పడతాయి. అడుగు నుంచి నీరు ఎక్కిస్తే తేలికైన చమురు పైకి వస్తుంది. అయితే ఆ మంచినీరు ప్రతిసారీ గుహ గోడల ఉప్పును కొంత కరిగిస్తుంది. అందుకే వాటిని అయిదుసార్లు పూర్తిగా ఖాళీ చేయడానికి సరిపడేలా మాత్రమే రూపొందించారు. నచ్చినప్పుడల్లా తోడుకోవడానికి అది ఊరబావి కాదు.

నిండు నిల్వ ఉందన్న ధైర్యమే ఎంత పనిచేస్తుందో 1991 జనవరి చూపించింది. గల్ఫ్ యుద్ధం మొదలైన రాత్రే నాటి అధ్యక్షుడు సీనియర్ బుష్ నిల్వలు తెరవమన్నారు. 3.37 కోట్ల బ్యారెళ్లు అమ్మకానికి పెడితే వ్యాపారులు కొన్నది 1.73 కోట్లే. ఒక్కరోజులో ధర మూడోవంతు పడిపోయింది. గగనతల యుద్ధం అమెరికా వైపు మొగ్గడం ఒక కారణమైతే, గుహల్లో చమురుందన్న భరోసా మరో కారణం.

2009 చివరికి ఆ గుహల్లో 72.7 కోట్ల బ్యారెళ్లు నిండాయి. ఆ తర్వాత కథ మారింది. రాతిపొరల నుంచి తీసే షేల్ చమురు పొంగడంతో, దిగుమతులు తగ్గిపోయాక ఇంత నిల్వ దేనికన్న ఆలోచన అమెరికా కాంగ్రెస్‌కు వచ్చింది. 2015 నుంచి ఒక్కో చట్టంలో ఒక్కో అమ్మకం ఇరికించారు. రహదారుల నిర్మాణానికి కొంత, వైద్య పరిశోధనకు కొంత, 2017 పన్ను కోతల లోటు పూడ్చడానికి కొంత. విత్తనాలకని దాచిన వడ్లను దంచుకు తిన్నట్టయింది. 2017 ఆరంభంలో 69 కోట్లకు పైగా ఉన్న బ్యారెళ్లు, 2021 చివరికి 59 కోట్లకు దిగాయి. ఏ యుద్ధమూ లేకుండానే పది కోట్ల బ్యారెళ్లు హరించుకుపోయాయి.

2020 వసంతంలో మరో అవకాశం చేజారింది. కరోనాతో చమురు కొనేవాడు లేక ధర నేలకు దిగింది. 7.7 కోట్ల బ్యారెళ్లు కొందామని ట్రంప్ ప్రభుత్వం 300 కోట్ల డాలర్లు అడిగితే కాంగ్రెస్ ఇవ్వలేదు. అదే ఏప్రిల్, మే నెలల్లో భారత్ విశాఖపట్నం, మంగళూరు, పాదూరులలోని తన నిల్వ గుహలను నింపుకొంది. సగటున బ్యారెల్ 19 డాలర్లు. మన ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం మిగిలింది అయిదు వేల కోట్ల రూపాయలకు పైనే. ఈ ఒక్క విషయంలో ఢిల్లీ వాషింగ్టన్ కంటే ముందుచూపుతో వ్యవహరించింది.

2022 విడుదలకు మిగతా అమ్మకాలు తోడై, 2023 జులైకి అమెరికా నిల్వ 34.7 కోట్ల బ్యారెళ్లకు తగ్గింది. 1983 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. సగటున 95 డాలర్లకు అమ్మి, 76 డాలర్ల లోపే తిరిగి కొన్నామని బైడెన్ ప్రభుత్వం చెప్పుకొంది. ఖజానాకు లాభమే. కానీ అమ్మింది 18 కోట్ల బ్యారెళ్లు, కొన్నది ఆరు కోట్లలోపు. అప్పటికే చట్టాల్లో ఖరారైన 14 కోట్ల బ్యారెళ్ల అమ్మకాలను రద్దు చేయించడం మాత్రం మెచ్చదగిన పని. అమెరికా ఇప్పుడు మొత్తం పెట్రోలియంలో నికర ఎగుమతిదారు కదా, నిల్వలెందుకన్న వాదన ఇంకా వినిపిస్తోంది. కానీ అక్కడి రిఫైనరీలు 2024లోనూ రోజుకు 60 లక్షల బ్యారెళ్లకు పైగా ముడిచమురు దిగుమతి చేసుకున్నాయి. గల్ఫ్ చమురు దాటే హోర్ముజ్ జలసంధి మూసుకుంటే ధర హ్యూస్టన్‌లోనూ, హైదరాబాద్‌లోనూ ఒకేసారి ఎగబాకుతుంది.

మన సంగతి మరీ సున్నితం. వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. విశాఖ కొండరాళ్ల కింది గుహల్లో పట్టేది 13.3 లక్షల టన్నులు, దేశానికి రెండున్నర రోజుల లోపు ఖర్చు. మూడు చోట్లా కలిపినా 53.3 లక్షల టన్నులు, 2019-20 వాడకం లెక్కన తొమ్మిదిన్నర రోజులు. ఒడిశాలోని చండీఖోల్‌లో, పాదూరులో మరో 65 లక్షల టన్నులకు కేంద్రం 2021 జులైలో అనుమతిచ్చింది. ఏళ్లు గడిచినా ఆ గుహలు అందుబాటులోకి రాలేదు. 1990-91లో గల్ఫ్ సంక్షోభం మనచేత బంగారం తాకట్టు పెట్టించిన సంగతి విధానకర్తలకు తెలియంది కాదు. చండీఖోల్ పనికి గడువు పెట్టి పూర్తిచేయాలి. ధర తగ్గిన ప్రతిసారీ చమురు కొని నింపడానికి విడిగా నిధి ఉంచాలి. బడ్జెట్ లోటు కోసం ఈ చమురును అమ్మకూడదని పార్లమెంటు చట్టం చేయాలి.